నీటి పగులు

ముసురు పట్టి పదకొండు రోజులైంది. కత్తుల ఊరు లోంగ్‌చ్వాన్‌లో ఈ నెల వానంటే ఆడవాళ్ళకు బట్టలు ఆరవని బాధ, మగవాళ్ళకు అగ్గిపుల్ల అంటుకోని బాధ. కత్తులకు సానపట్టే యిన్‌దీకి మాత్రం ఉక్కుతోనే తగువు. సాయంత్రం శుభ్రంగా తుడిచి, నూనె పట్టించి, గుడ్డ చుట్టి పెట్టిన కత్తి పొద్దున్న గుడ్డ విప్పేసరికి ఒళ్ళంతా తుప్పు చుక్కలు వేసుకుని కూర్చునేది. కథ మళ్ళీ మొదటికి వచ్చేది. ఆ చుక్కల్ని తిట్టుకుంటూ ఆమె పీట మీద కూర్చుని, కత్తిని పొడుగాటి చెక్కకు బిగించి, డబ్బాలోంచి నీళ్ళు చిలకరిస్తూ రాయి తోసేది.

ఈ దుకాణంలో ఇరవయ్యారేళ్ళుగా ఆమె రాళ్ళు అరగదీస్తోంది. గరుకు రాయి నుంచి గంధంలాంటి మెత్తని రాయి దాకా మొత్తం అయిదు. చివరి రాయి పడితేగాని ఉక్కు లోపలి మడతలు పైకి రావు. పెద్దమేస్త్రీ తూ షిగెన్ నెల్లాళ్ళు కాల్చి, మడిచి, కొట్టిన పని అప్పుడుగాని కనిపించదు. పిడి దగ్గర ముద్ర ఆయనది. ఆ మడతల్ని వెలికి తీసిన చేతికి ముద్రా లేదు, పేరూ లేదు. యిన్‌దీ దానికి ఎప్పుడూ బాధపడలేదు. తన కన్ను దాటి ఈ దుకాణంలోంచి చెడ్డకత్తి బయటికి పోదన్న గర్వం ఆమెకు చాలు. ఆ గర్వం కాస్త ఎక్కువే ఉండేది కూడా.

నాలుగో రాయి మీద ఉండగా ఆమె చెయ్యి ఆగింది.

పిడి నుంచి జానెడు దూరంలో, రెండంచుల కత్తికి ఎడమ అంచు మీద, ఒక చిన్న గీత. మడత గీతలు పొడుగునా పోతాయి. ఇది అడ్డంగా ఉంది. ఆమె రాయి పక్కన పెట్టి కత్తిని వెలుతురులోకి తిప్పింది. గీత మాయమైంది. ఇటు తిప్పింది. మళ్ళీ వచ్చింది.

ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. ఆ చోట దీపం నూనె రాసింది. కాసేపాగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచింది. పైన మెత్తని సున్నప్పొడి చల్లి వందదాకా లెక్కపెట్టసాగింది. డెబ్భై దాటకముందే తెల్లని పొడిలో కనురెప్ప వెంట్రుకంత నల్లని చార లేచింది. పగులు తాగిన నూనెను సున్నంలోకి కక్కేసింది.

యిన్‌దీ ఒక్క ఉదుటున లేచి, కత్తిని రెండు చేతుల మీద పెట్టుకుని కొలిమి దగ్గరికి నడిచింది. రేకుల కప్పు మీద వాన, కింద కరెంటు సుత్తి మోత. షిగెన్ కొడుకు వెయ్‌లీ ఆమె ముఖం చూసి మీట నొక్కేశాడు. సుత్తి ఆగింది. మూల ఒరలు చెక్కే ఆషుయ్ కూడా ఉలి దించాడు.

"మేస్త్రీ, పగిలింది," అంది.

డెబ్భై మూడేళ్ళ షిగెన్ దాగలి పక్కనుంచి లేచి వచ్చి, బొటనవేలి గోరుతో అంచు వెంట తడిమాడు. కుడికంట్లో పొర బాగా ముదిరింది, ఎడమకంట్లో కొత్తగా దిగుతోంది. ఆ సంగతి అందరికీ తెలుసు. టీ పోస్తుంటే కప్పు పక్కన పోస్తాడు. అయినా ఈ కత్తిని కాల్చి, ఎరుపు రంగు చూసి నీళ్ళలో ముంచే పూట పటకారు ఎవరికీ ఇవ్వలేదు.

"ఎక్కడే?"

"ఇంకాస్త పైకి. ఆఁ, అక్కడే. నీళ్ళలోనే పగిలింది మేస్త్రీ. రంగు దాటిపోయాక ముంచారు."

అంత గట్టిగా అననక్కర్లేదు. సుత్తి మోత ఆగిందన్న సంగతి మరిచి అరిచింది. ఆ మాట కొలిమింటి నాలుగు మూలలకూ వినబడింది.

"చెప్పానా లేదా నాన్నా?" అన్నాడు వెయ్‌లీ. "ఆ వేడి కొలిచే పరికరం కొన్నది గోడకి తగిలించడానికా? నేను పట్టుకుంటానంటే వినలేదు."

"ఆ పూట రంగు బాగానే కనిపించింది," అన్నాడు షిగెన్. గోరు ఇంకా పగులు మీదే ఉంది. మరోసారి తడిమి మళ్ళీ తనే అన్నాడు, "కనిపించిందనుకున్నాను."

నడుముకు కట్టుకున్న తోలుపట్టా విప్పి, మేకుకు తగిలించి, కాళ్ళు కడుక్కుని పెరట్లోకి వెళ్ళిపోయాడు. యిన్‌దీకి మాత్రం ఉన్నమాట చెప్పానన్న తృప్తిగా ఉంది. ఆ కత్తి నింగ్‌బోలో కత్తిసాము నేర్పే ఒక గురువమ్మది. ఇరవైమంది శిష్యుల మధ్య తిప్పుతుంది. విరిగి ఎగిరితే ఎవరి మెడకు తగిలేదో!

మర్నాడు దుకాణంలో ఒక చప్పుడు తక్కువైంది. కరెంటు సుత్తి మోగుతూనే ఉంది. షిగెన్ చిన్నసుత్తి మాత్రం మోగలేదు. ముందు దాగలిని తట్టి, తర్వాత ఇనుమును తట్టే ఆ టింగు టింగు వింటూనే యిన్‌దీ రాయి తోసేది. ఇవాళ అది లేకపోయేసరికి రాయి నడక తప్పింది. రెండుసార్లు లేచింది, రెండుసార్లు కూర్చుంది. ఏదో మరిచిపోయినట్టుంది గాని ఏం మరిచిందో తెలియలేదు.

షిగెన్ పెరటి చూరు కింద కూర్చుని, కోడలు నానబెట్టిన వెదురాకుల్లో బియ్యం పోసి పొట్లాలు కడుతున్నాడు. మూడు రోజుల్లో అయిదో నెల అయిదో రోజు పండగ. ఊరందరికీ అది ఆకుపొట్లాల పండగ. కత్తులు చేసేవాళ్ళకు మాత్రం ఏడాదికొక్కసారి వచ్చే మధ్యాహ్నం. ఆ రోజు సూర్యుడు నడినెత్తిన ఉండగా నీళ్ళలో ముంచిన కత్తిని మించింది లేదని నమ్మకం. కత్తులొద్దు, కొడవళ్ళు చెయ్యండి అని పైనుంచి ఉత్తరువులొచ్చిన రోజుల్లో కూడా షిగెన్ ఆ మధ్యాహ్నం వదల్లేదు. కొడవలినే ముంచాడు.

"ఈ ఏడు వెయ్‌లీ ముంచుతాడట," అన్నాడు ఆషుయ్, ఒర చెక్కకు చిత్రిక పడుతూ. "ముసలాయన అన్నం తింటూ చెప్పాడు. కూర అందుకోబోయి ఉప్పుగిన్నెలో ముంచాడు, పాపం. నీకు తెలుసా చెల్లెమ్మా, ఆయన కట్టిన పొట్లాల్లో సగం ఊడిపోతున్నాయి. కోడలు చాటుగా మళ్ళీ కడుతోంది."

"నేనేమన్నా అబద్ధం చెప్పానా అన్నా?"

"చెప్పావని ఎవరన్నారు? నువ్వు చెప్పింది నిజమే. కాస్త మెల్లగా చెప్పి ఉంటే నిజం కరిగిపోయేదేమో, అందుకే అరిచావు."

ఆమె రాయిని ఠక్కున నీళ్ళలో పడేసింది. అంతలో వెయ్‌లీ రాగితీగె చుట్టతో వచ్చాడు.

"అక్కా, ఆ కత్తి పారెయ్యకు. ఏడు నక్షత్రాలు పొదుగుదాం."

పిడి నుంచి పైకి ఏడు చిన్న గుంటలు చెక్కి, రాగి నింపి, నునుపు చేస్తే సప్తర్షుల వరుస వస్తుంది. తాతలనాటి అలంకారం. వెయ్‌లీ వేలు మూడో నక్షత్రం పడే చోట ఆగింది. సరిగ్గా పగులు మొదలయ్యేది అక్కడే.

"అంటే రాగితో కప్పెడతావు."

"కప్పెట్టడం కాదు. రాగి పట్టి ఉంచుతుంది. పగులు ముందుకి పాకదు."

"ఎవరికి చెబుతావురా? కమ్మరి వీధిలో సూదులమ్మినట్టుంది నీ వరస! పగులు ఎటు పాకుతుందో నాకు చెబుతావా?"

"పోనీ నింగ్‌బో ఆవిడకి ఏం చెప్పను? మా నాన్నకి చూపు పోయింది, క్షమించండి అని రాయనా? ఊరంతా చాటనా? చెప్పు, రేపే చాటుతాను."

తండ్రి పరువు కోసమే అంటున్నాడో, బేరం చేజారకుండా అంటున్నాడో వాడికే సరిగ్గా తెలియనట్టుంది. "ముందు గుంటలు చెక్కి చూద్దాం. అప్పటికీ నీకు నచ్చకపోతే ఆపేద్దాం," అని వాడే మెత్తబడ్డాడు.

మూడో రోజు పొద్దున్న, కిటికీ పక్క బల్ల మీద, తెల్లగుడ్డ పరిచి వెయ్‌లీ ఉలి పట్టాడు. యిన్‌దీ కత్తి కదలకుండా పట్టుకుంది. మొదటి గుంట, రెండో గుంట. మూడో గుంట దగ్గర ఉలి పడగానే నువ్వుగింజంత పెచ్చు లేచి గుడ్డ మీద పడింది.

"చూశావా, పగులు వెంటే ఊడింది," అన్నాడు వెయ్‌లీ. ఇంతలో వీధిలోంచి ఎవరో పిలిస్తే ఉలి పెట్టి వెళ్ళాడు.

యిన్‌దీ ఆ పెచ్చును తడివేలికి అంటించుకుని భూతద్దం కింద పెట్టింది. దానికి ఒకవైపు ఉలి తగిలిన ముఖం. రెండోవైపు పగులు గోడ. ఆ గోడ నల్లగా ఉండాలి.

షిగెన్ ఆమెకు మొదటి ఏడాదే నేర్పిన పాఠం అది. నీళ్ళలో ముంచాక కత్తిని మళ్ళీ సన్నని నిప్పు మీద వేడిచేస్తారు, పెళుసు పోవడానికి. ముంచినప్పుడే పగిలి ఉంటే ఆ రెండో వేడికి పగులు లోపల మసి రంగు తిరుగుతుంది. 'నీటి పగులు నలుపు, చేతి పగులు తెలుపు' అనేవాడు.

పెచ్చు తెల్లగా మెరుస్తోంది, అప్పుడే కోసిన ముల్లంగిలా.

ఆమె దాన్ని తిప్పి చూసింది. భూతద్దం తుడిచి చూసింది. మసక వెలుతురు మోసం చేస్తోందేమోనని గుమ్మంలోకి వెళ్ళి చూసింది. తెలుపే. నిప్పులూ నీళ్ళూ అయిపోయాక, కత్తి చల్లగా తన గదికి వచ్చాక పగిలిందది. తన గదిలో దాన్ని ముట్టుకున్నది ఒకే ఒక్క మనిషి.

అప్పుడు చెయ్యి గుర్తు చేసింది, మనసుకంటే ముందు. పది రోజుల కిందట, సానకు బిగించే ముందు ఒక కన్ను మూసి వెన్ను వెంట చూస్తే, కత్తి ఎడమకు బియ్యపు గింజంత ఒరిగి ఉంది. పద్ధతి ప్రకారం కొలిమికి తిరిగి పంపాలి. షిగెన్ దాన్ని నిప్పుల మీద వెచ్చచేసి, చెక్కసుత్తితో తట్టి, చూసి, మళ్ళీ తట్టి, ఒక పూట తింటాడు. ఆమె విసుక్కుంది. 'ఈయన కళ్ళతో ఇక రెండు పూటలు' అనుకుంది. చవక బజారుకత్తుల వంపులు తీసే గాడిచెక్క పక్కనే ఉంది. కత్తిని గాడిలో పెట్టి ఒక్క లాగు లాగింది. పైన వాన, అవతల కరెంటు సుత్తి. చెవికి ఏమీ వినబడలేదు. చేతికి మాత్రం ఏదో చిన్నగా తెగినట్టు, దారం తెగినట్టు అనిపించింది. అంతలోనే కత్తి తిన్నగా వచ్చింది. 'చూడు, ఒక్క లాగుకే!' అని మురిసిపోయింది కూడా.

"ఏంటక్కా అలా ఉన్నావు? రాగి కొట్టమంటావా?" వెయ్‌లీ తిరిగి వచ్చాడు.

"వద్దు. నూనె ఆరనీ. రేపు చూద్దాం."

"నూనెక్కడుంది?"

"రేపన్నానా!"

పెచ్చును రవికె జేబులో వేసుకుని, గొడుగు మరిచి బయటికి నడిచింది. తేలు కుట్టిన దొంగకు ఇల్లూ పట్టదు, వీధీ పట్టదు. సంతలో గుమ్మాలకు కట్టే మాచిపత్రి కట్టలు, ఉప్పులో ఊరిన బాతుగుడ్లు గుట్టలుగా ఉన్నాయి. రెండు కట్టలు కొనబోయి ఒకటి కొంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి రెండోది కొంది. రాగి కొడితే పగులు పోతుంది, పగులుతోపాటు తెలుపూ పోతుంది. పెచ్చు ఒక్కటే సాక్షి, అది జేబులో ఉంది. కాలవలో పడేస్తే చాలు. ముసలాయన ఎటూ ఒకటి రెండేళ్ళలో మానేసేవాడే. కళ్ళు ఎటూ పోతున్నవే. ఇలాంటి 'ఎటూ'లు వంతెన దాటేలోపు ఆమెకు ఏడెనిమిది దొరికాయి.

తడిసి వచ్చేసరికి షిగెన్ చూరు కింద ఒంటరిగా ఉన్నాడు. ఇప్పుడే చెప్పేద్దామని దగ్గరకు వెళ్ళింది.

"మేస్త్రీ..."

"యిన్‌దీవా? కూచో. ఇందాకట్నించి నీకో మాట చెబుదామనుకుంటున్నా." ఆయన వేళ్ళ మధ్య వెదురాకు జారి, బియ్యం ఒళ్ళో పడింది. గింజలు వెతుక్కుంటూనే అన్నాడు. "నువ్వు చెప్పడం మంచిదైందే. నాకెవరూ చెప్పరు. కొడుకు సణుగుతాడు గాని చెప్పడు. ఇంకో ఏడాది ఇట్లాగే ముంచుకుంటూ పోతే, ఎవరి చేతిలోనో విరిగేది. అరవై ఏళ్ళ పేరు, ఒక్క కత్తితో గంగలో కలిసేది. నువ్వు కాపాడావు."

ఆమె నోరు తెరిచింది. ఆయన రెండు ఆకుపొట్లాలు తడుముకుని ఆమె చేతిలో పెట్టాడు. "తిను. వంకరగా ఉన్నాయి, రుచి బాగానే ఉంటుంది."

ఆమె ఆ పొట్లాలు పట్టుకుని ఇంటికి పోయింది. తినలేకపోయింది. తనంటే తనకే అసహ్యం వేసింది. సిగ్గు కంటే పెద్ద భయం ఇంకొకటి కూడా ఉంది. రేపు దుకాణంలో తన కన్ను మాట ఎవరు నమ్ముతారు? ఇరవయ్యారేళ్ళుగా ఆమెకున్న ఆస్తి అదొక్కటే.

నాలుగో రోజు చెబుదామనే వచ్చింది. నోరు రాలేదు. రాగి సంగతి వెయ్‌లీ రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ ఏదో సాకు చెప్పింది. నాలుగు బజారుకత్తులకు సానపట్టి మూడింటిని పాడుచేసింది.

పండగనాడు పదకొండున్నరకే కొలిమింటి గుమ్మానికి మాచిపత్రి కట్టి, కమ్మరుల ఆదిగురువు పటం ముందు అగరొత్తులు వెలిగించారు. షిగెన్ ముందే కొట్టి ఉంచిన కత్తి పొయ్యి పక్కన ఉంది. వెయ్‌లీ కొత్త చొక్కా వేసుకుని, వేడి కొలిచే పరికరాన్ని తుపాకీలా పట్టుకుని పొయ్యికి గురిపెట్టి చూసుకుంటున్నాడు. షిగెన్ నేల మీద సారా ధార పోశాడు, సగం తన చెప్పు మీద పడింది. ఆ తర్వాత గోడ వారగా చుట్టాల ఇంటికి వచ్చినవాడిలా కూర్చున్నాడు. మేకుకు తోలుపట్టా వేలాడుతూనే ఉంది.

యిన్‌దీ ఆయన కూర్చున్న తీరు చూసింది. ఇక ఉండలేకపోయింది.

తన గదికి వెళ్ళింది. నింగ్‌బో కత్తిని గాడిచెక్కతో సహా తెచ్చి, కొలిమి ముందు నేల మీద పెట్టింది. పెచ్చు చూపించి లాభం లేదు. నువ్వుగింజంత తెలుపు ఆయన కళ్ళకు ఆనదు. మాటతో చెప్పినా జాలిపడి అబద్ధమాడుతోందనుకుంటాడు. జాలిపడి తనూ ఎంతో మందికి అలాంటి అబద్ధాలే చెప్పిన మనిషి ఆయన. కత్తిని గాడిలో పెట్టింది. పగులు గాడి అంచుకు వచ్చేలా జరిపింది. ఎడమచేత్తో చెక్కను అదిమి, కుడిచేత్తో లాగింది.

ఈసారి అందరికీ వినబడింది.

"అక్కా!" వెయ్‌లీ పరికరం పారేసి వచ్చాడు. "పిచ్చెక్కిందా నీకు? నెల్లాళ్ళ పని!"

"ఏంటా చప్పుడు?" అన్నాడు షిగెన్, లేస్తూ.

ఆమె పొడుగు ముక్కను ఆయన చేతికిచ్చి, మోచెయ్యి పట్టి గుమ్మంలోకి నడిపించింది. "విరిగిన ముఖం చూడండి మేస్త్రీ. వెలుతురులో చూడండి."

ఆయన దాన్ని ఎడమకంటికి ఎంత దగ్గరగా తెచ్చాడంటే కనురెప్పలు ఉక్కుకు తగిలాయి. వాన వెలుతురులో అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"తెల్లగా ఉంది," అన్నాడు. వేలితో అంచు తడిమి, "అంచు దాకా తెల్లగానే ఉంది. నలుపు లేదు కదరా వెయ్‌లీ?"

వెయ్‌లీ వంగి చూశాడు. వాడి కోపం ఎటు పోయిందో తెలియలేదు. "లేదు నాన్నా."

"ఎవరి చెయ్యి?"

"నాదే," అంది యిన్‌దీ. "ఎడమకి ఒరిగింది. మీకు తెస్తే పూట పడుతుందని ఈ చెక్కలో పెట్టి లాగేశాను. చల్లారిన కత్తిని. పగులు కనబడ్డ రోజు నా చెయ్యి నాకు గుర్తే రాలేదు, మీ కళ్ళే గుర్తొచ్చాయి. మొన్న పెచ్చు చూశాక తెలిసింది. తెలిసీ రెండు రోజులు నోరు మూసుకున్నాను."

షిగెన్ ముఖం ఎర్రబడింది. ముసలాయనకు అంత కోపం ఉందని ఆమె కూడా మరిచిపోయింది. "నాలుగు రోజులు!" అన్నాడు. "నాలుగు రోజులు నా చేత ఆకులు కట్టించావు కదే!"

ఆషుయ్‌కి నవ్వొచ్చి, దగ్గులో దాచుకున్నాడు. యిన్‌దీకి నవ్వు రాలేదు. ఏడుపే వచ్చింది, అందరి ముందే ఏడ్చింది.

"ఏడుపు తర్వాత," అన్నాడు ఆయన. "వేళ మించిపోతోంది. ఆ చెక్క పొయ్యిలో వెయ్యి."

ఆమె గాడిచెక్కను బొగ్గుల మీద పెట్టింది. నూనె తాగిన పాతచెక్క, చటుక్కున అంటుకుంది. ఆయన గోడ తడుముకుని, మేకు మీది తోలుపట్టా తీసి నడుముకు పెట్టుకున్నాడు. వెనక తాళ్ళు వేళ్ళకు చిక్కలేదు. "ముడి వెయ్యి," అన్నాడు. ఆమె వేసింది.

"నాన్నా, ఇది కూడా..." వెయ్‌లీ పరికరం ఎత్తాడు.

"జేబులో పెట్టుకో. నీ రోజొచ్చినప్పుడు తీద్దువు గాని. తలుపులు మూయండ్రా."

కిటికీ రెక్కలు వేశారు. చీకట్లో పొయ్యి ఒక్కటే మిగిలింది. కత్తి ఎర్రబడుతోంది. "ఇంకా లేదు," అన్నాడు షిగెన్. యిన్‌దీకి రంగు వచ్చేసిందనిపించింది. ఊపిరి బిగబట్టి ఊరుకుంది. "ఇంకా లేదు." ఎరుపు మెల్లగా బాతుగుడ్డు పచ్చసొన రంగుకు తిరిగింది. ఆయన ఏమీ అనకుండానే పటకారు కదిలింది. కత్తి నీళ్ళలోకి తిన్నగా దిగింది. ఆవిరి ముఖాలకు కొట్టింది. నలుగురూ పగిలితే వినబడే ఆ చిన్న 'టిక్' కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. వాన తప్ప ఏమీ వినబడలేదు.

తలుపులు తీశాక ఆయన కత్తిని ఆమె చేతికిచ్చాడు. "చూడు."

తన కన్ను మాట ఈయనింకా అడుగుతున్నాడు! యిన్‌దీ కళ్ళు తుడుచుకుని, ఒక కన్ను మూసి, వెన్ను వెంట చూసింది. మళ్ళీ చూసింది.

"ఎడమకి ఒరిగింది మేస్త్రీ."

"ఎంత?"

"బియ్యపు గింజంత."

"ఇలా తే." ఆయన సన్నని నిప్పుల దగ్గరకు జరిగి, చెక్కసుత్తి కోసం చెయ్యి చాపాడు. ఆమె అందించింది. "పూట పడుతుంది," అన్నాడు, తల ఎత్తకుండా.

"పడనివ్వండి," అంది యిన్‌దీ. తన పీట తెచ్చుకుని, ఆయన పక్కన వేసుకుని కూర్చుంది.